మూడు రోజుల మైల

పాట విని ఏడ్చేవాళ్ళంటే మా ఆడపడుచు సువర్చలకి చిన్నప్పటినుంచీ చులకన. ఆ చులకన మీదే డాక్టరేట్ తెచ్చుకుంది, కాకినాడ బీచ్ రోడ్డులో పరిశోధనాలయం పెట్టించుకుంది, పేపర్లలో ఫొటోలు వేయించుకుంది. నన్నూ ఆ చులకనతోనే వాడుకుంది. నాకు ఆవిడ మీద కోపం లేదని అనేవాళ్ళు నా ఎదురుగా ఆ మాట అనకపోవడం మంచిది.

నేను ఏడుపు పాటల పిచ్చిదాన్ని. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, పిల్లలు నన్ను చూస్తే హడలిపోతారు. కానీ ఇంటికొచ్చి చీర మార్చుకోగానే, ఎవరో ఎవరినో పోగొట్టుకుని పాడుతున్న పాట ఒకటి పెట్టుకోవాలి. బీరకాయ చెక్కు తీస్తూ, కళ్ళొత్తుకుంటూ వినాలి. మా ఆయన సూర్యప్రకాశం వంటింటి గుమ్మంలో నిలబడి "ఇవాళ ఎవరు పోయారు భ్రమరా?" అని నవ్వేవాడు. ఎవరూ పోలేదు. అదే దాని సుఖం. ఏడ్చాక ఒళ్ళు తేలికయ్యేది, ఆకలి వేసేది, రాత్రి ఒత్తిగిలకుండా నిద్రపోయేదాన్ని.

ఒక ఆదివారం సువర్చల భోజనానికి వచ్చింది. నా కళ్ళు చూసింది, పాట విన్నది, చేతిసంచీలోంచి సిరంజి తీసింది.

"వదినా, చెయ్యి చాపు."

"అన్నం వడ్డించనా, రక్తం ఇవ్వనా?"

"ముందు రక్తం. కళ్ళు ఆరిపోతే లాభం లేదు."

తరవాతి ఆదివారం మళ్ళీ వచ్చింది. ఈసారి భోజనం మాట కూడా మరిచిపోయింది. మనిషికి దుఃఖం కలిగినప్పుడు మెదడు కింద ఉండే చిన్న గ్రంథి ఒక రసాయనాన్ని రక్తంలోకి వదులుతుందట. గుండె పగలకుండా కాపాడేది అదేనట. ఏడుపు పాట విన్నప్పుడు ఆ గ్రంథి మోసపోతుందట. నిజంగానే ఎవరో పోయారనుకుని రసాయనాన్ని వదిలేస్తుందట. కాయితం మీద గీతలు గీసి చూపించింది గానీ, నాకు నా పద్ధతిలో అర్థమైంది.

"అంటే చావు కబురు విని చుట్టాలు పరామర్శకి బయల్దేరారు. తీరా వచ్చి చూస్తే ఇంట్లో అందరూ బతికే ఉన్నారు. ఇంకేం చేస్తారు, కాఫీలు తాగి కబుర్లు చెప్పుకుంటారు. ఏడుపు పాటలో హాయి అదన్నమాట."

"అంతే వదినా. ఆ వచ్చిన చుట్టాల్ని నీ ఇంట్లో ఊరికే కూర్చోబెట్టడం దేనికి? నిజంగా చావు జరిగిన ఇంటికి పంపిద్దాం."

దానికి సాంత్వనం అని పేరు పెట్టింది. పేర్లు పెట్టడంలో ఆవిడకి లోటు లేదు. పరిశోధనాలయంలో వాలు కుర్చీలు వేయించింది. దాతలు చెవులకి పాట తగిలించుకుని కూర్చుంటారు. ఒక చేతినుంచి రక్తం యంత్రంలోకి వెళ్తుంది, సాంత్వనం గాజుగొట్టంలో దిగుతుంది, మిగిలిన రక్తం రెండో చేతిలోకి తిరిగి వస్తుంది. దాతలందరిలోకీ నాదే ఎక్కువ దిగేది. "మా వదిన కామధేనువు" అని వచ్చినవాళ్ళకి చూపించేది. కామధేనువు అంటే పాలిచ్చే ఆవే కదా అని నాకు అప్పుడు తట్టలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తిట్టడానికి కూర్చున్నాను కదా అని అబద్ధం చెప్పను. కొడుకుని పోగొట్టుకున్న ఒక తండ్రిని అక్కడికి తీసుకొచ్చారు. మనిషి గోడవైపు తిరిగి కూర్చున్నాడు, తిండి మానేశాడు, పిలిస్తే పలకడు. నా రక్తంలోంచి తీసిన మందు అతనికి ఎక్కించారు. అద్దం అవతలనుంచి చూశాను. కాసేపటికి భుజాలు కదిలాయి. భోరున ఏడ్చాడు. ఏడ్చి, పెరుగన్నం అడిగి తిన్నాడు. ఆ రోజు నా ఒంట్లో పారుతున్న రక్తం మీద నాకే గౌరవం కలిగింది.

చిక్కంతా పరిశోధనాలయానికి నిబంధనలు రాసే కమిటీ దగ్గర వచ్చింది. దాత ఇంట్లోనే చావు జరిగితే ఆ రసాయనం దాతకే కావాలి కదా, ఎన్నాళ్ళు రక్తం తీయకుండా ఆపాలి? ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే దాతల ఇళ్ళలో మనుషులు పోవాలి, లెక్కలు కట్టాలి, ఏళ్ళు పడుతుంది. కమిటీలో ఉన్న ఒక ముసలి ప్లీడరుగారు పొడుంకాయ మూత పెట్టి, "ఇందులో ఆలోచించడానికేముందమ్మా? ఎన్ని రోజులు మైలో అన్ని రోజులు ఆపండి. పెద్దలు ఊరికే పెట్టారా?" అన్నాడట. పంచాంగం చూస్తే పగలబడి నవ్వే సువర్చల ఆ మాటకి తలూపింది. మైలలో అంకెలు సిద్ధంగా ఉన్నాయి మరి. అంకె కనబడితే చాలు, అది ఎక్కడినుంచి వచ్చిందని మా ఆడపడుచు అడగదు.

ఆ నిబంధన మొదట నాకు మేలే చేసింది. సామర్లకోటలో మా మామగారి పెదనాన్న మనవడు పోయాడు. అతన్ని నేను నా పెళ్ళిలో కూడా చూసినట్టు గుర్తు లేదు. జ్ఞాతి కాబట్టి పది రోజుల మైల. పది రోజులూ నన్ను కుర్చీ దగ్గరికి రానివ్వలేదు. ఇంట్లో కాళ్ళు చాపుకుని పాటలు విన్నాను.

ఆ తరవాత తునిలో మా అమ్మ పోయింది.

పొద్దున్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయింది." అంతకుముందు రోజే ఆవిడతో పోట్లాడాను, మందులు సరిగ్గా వేసుకోవడం లేదని. పెళ్ళయిన ఆడపిల్లకి పుట్టింటి మైల మూడు రోజులే. గోత్రం మారిపోయింది కదా. కని, పాలిచ్చి, జడలు వేసి, పరీక్షలకి మేలుకుని కూర్చున్న మనిషికి మూడు రోజులు. సామర్లకోట పెద్దమనిషికి పది.

నాలుగో రోజు పరిశోధనాలయం కారు తుని వచ్చింది. ఎవరో తల్లి ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుని మందుకోసం ఎదురుచూస్తోందని డ్రైవరుతో చెప్పి పంపింది సువర్చల. నన్నెవరూ చేయి పట్టి లాక్కెళ్ళలేదు. పాట వింటే కాస్త తెరిపిగా ఉంటుందేమోనని నేనే ఎక్కాను. 

కుర్చీలో కూర్చోగానే ఏడుపు వచ్చింది. ఎప్పుడూ వచ్చే ఏడుపు కాదు అది. కడుపులోంచి వచ్చింది, అమ్మ గొంతు, అమ్మ చీర వాసన, అన్నీ మోసుకుని వచ్చింది. ఈ ఏడుపు ఏడ్చేస్తే బతుకుతానని నాకే అనిపించింది. సువర్చల పక్కనే నిలబడి ఉంది. నావైపు చూడలేదు, గాజుగొట్టం వైపు చూస్తోంది. గొట్టం నిండితే ఇంకోటి పెట్టించింది. అదీ నిండింది. మధ్యలో ఎక్కడో నా ఏడుపు ఆగిపోయింది, కుళాయి కట్టేసినట్టు.

అంతే. మళ్ళీ రాలేదు.

ఏడుపు రాకపోవడం ఒక్కటే అయితే భరించేదాన్ని. చావు పాతబడటం మానేసింది. అందరికీ రోజులు గడిచినకొద్దీ చావు కాస్త దూరం జరుగుతుంది. మా తమ్ముడు పదో రోజుకి అన్నం తిన్నాడు, నెలకి నవ్వాడు. నేను మాత్రం రోజూ పొద్దున్న కళ్ళు తెరవగానే ఫోన్ మోగుతుంది, "అక్కా, అమ్మ పోయింది" అని వినబడుతుంది, అప్పుడే తెలిసినట్టు గుండె జారిపోతుంది. మాసికాలు వచ్చి వెళ్తున్నాయి గానీ నాకు ఇంకా కబురు తెలిసిన నిమిషమే. పాట పెట్టుకుంటే ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడులా ఉంటుంది. క్లాసులో పాఠం నడుమ ఆగిపోతున్నానని ప్రిన్సిపాల్ సెలవు పెట్టమన్నాడు.

"అందరికీ అమ్మలు పోతారే" అన్నాడు మా ఆయన.

"పోతారు. నాకు రోజూ పోతోంది."

చివరికి సువర్చలే వచ్చి రక్తం తీసి పరీక్ష చేసింది. ఫలితం చెప్పడానికి మా ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుంది.

"గ్రంథి ఎండిపోయింది వదినా. పాటలకి అది చెమరుస్తుంది, తోడినా మళ్ళీ ఊరుతుంది. నిజమైన చావుకి మాత్రం ఒక్కసారే పొంగుతుందనుకుంటాను. ఆ పొంగుని తోడేస్తే..."

"తోడింది ఎవరు?"

"నిబంధన ప్రకారమే కదా వదినా, మూడు రోజులు ఆగాకే..."

"గొట్టం మీద గొట్టం నిండుతుంటే చూశావు కదా. మామూలు పాటకి వచ్చేది కాదని నీకు తెలియలేదా?"

"తెలిసింది."

"మరి ఆపలేదేం?"

మా ఆడపడుచు కాసేపు చీర అంచు సర్దుకుంది. "అంత ఎప్పుడూ రాలేదు వదినా. అలా దిగుతుంటే ఎలా ఆపను?"

ఆ మాట అబద్ధం కాదు. అందుకే చెంప పగలగొట్టాలనిపించింది.

"సరే సువర్చలా. రేపు మీ అమ్మ పోతుంది. ఆవిడకి నేనంటే ఒళ్ళు మంట, నాకూ ఆవిడంటే అంతే. అయినా కోడల్ని కాబట్టి నాకు పది రోజులు. కన్నకూతురివైనా పెళ్ళయింది కాబట్టి నీకు మూడు. నాలుగో రోజు ఆ కుర్చీలో నువ్వు కూర్చో. సూది నేను గుచ్చుతాను. కూర్చుంటావా?"

సువర్చల సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. మా ఆయనకి కోపం వచ్చింది. "అంత మాట అనాల్సింది కాదు భ్రమరా. మా అమ్మ బతికి ఉండగానే..."

"మా అమ్మ బతికి లేదు" అన్నాను.

తరవాత చాలా రోజులు ఆవిడ మా గడప తొక్కలేదు. ఉన్నట్టుండి ఒకనాడు ఫోన్ చేసింది. గొంతులో ఉత్సాహం దాచుకోలేకపోతోంది.

"వదినా, కొత్త దాత దొరికింది. ఎంత దిగుతోందో తెలుసా? నీకు నాలుగో రోజు వచ్చినంత. వచ్చిన ప్రతిసారీ అంతే. ఇంట్లో చావు లేదు, మైల లేదు, ఏ ఆటంకమూ లేదు. అందులోంచి ఒక మోతాదు నీకోసం పక్కన పెట్టాను. ఎండిపోయిన గ్రంథిని మళ్ళీ తెరిపించే బలం దీనికి ఉంది. రా."

వెళ్ళాను. అభిమానం గిభిమానం ఏమీ మిగల్లేదు నాకు. ఒక్కసారి మా అమ్మకోసం ఏడ్చి, ఆ ఫోన్ మోత ఆగిపోతే చాలు. అందుకోసం సువర్చల కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకునేదాన్నే. కానీ ఆటోలో కూర్చున్నంతసేపూ ఒక మాట ములుకులా గుచ్చుతోంది. నాలుగో రోజు వచ్చినంత, అంది. పాటకి అంత రాదు. నాకు పాటకి అంత రాలేదు. అమ్మకి వచ్చింది.

సువర్చల ఐసు డబ్బాలోంచి చిన్న సీసా తీసి చూపించింది. "బయటికి తీశాక ఎక్కువసేపు ఉండదు. పడుకో."

"దాతని చూడాలి."

"కుదరదు. రోగి దాతని చూడకూడదు."

"నేను రోగిని కాదు, మీ అన్న పెళ్ళాన్ని. తలుపు తియ్యి."

తీసింది. సీసా పట్టుకుని నా వెనకే వచ్చింది.

కిటికీ పక్క కుర్చీలో ముప్ఫయి దాటని మనిషి కూర్చుని ఉంది. ఎండకి కమిలిన మొహం, పెద్ద బొట్టు, రెండు చేతుల నిండా గాజులు, మెడలో పసుపుతాడు. గాజులు పైకి తోసి సూదులు గుచ్చారు. నన్ను చూసి, చెవులకి తగిలించుకున్న పాట తీసి లేవబోయింది.

"కూర్చోమ్మా. నీ పేరేంటి?"

"నూకరత్నవండి. ఉప్పాడండి మాది."

"పాటలు బాగా వింటావా?"

"ఇక్కడికొచ్చాకేనండి. ఇంటికాడ ఇననండి. ఇంటే ఏడుపొచ్చేత్తదండి. ఇంట్లో ఏడవకూడదండి."

"ఎందుకని?"

"మా ఆయన ఏటకెళ్ళేడండి. ఇంట్లో ఆడది ఏడిత్తే సముద్రం మీదున్నోళ్ళకి మంచిది కాదండి."

"ఎప్పుడెళ్ళాడమ్మా?"

"మొన్నటి తుపాను కాదండి, దానికి ముందొచ్చిన తుపానండి. బోటులో ఉన్నోళ్ళెవరూ ఇంకా రాలేదండి. వత్తారండి. మా అత్త పదో రోజు చేసేద్దావంటే నేనొప్పుకోలేదండి. మనిషి కనబడకుండా మైలేంటండి?" గాజులు సర్దుకుంది. "ఇక్కడైతే ఏడిచినా తప్పులేదండి. ఎందుకేడుత్తున్నావంటే పాటకని చెప్పచ్చు. మొదట్లో శానా తేలిగ్గా ఉండేదండి. ఈమద్దినే, పాట ఇంటంటే తలనొప్పొచ్చేత్తంది."

నేను సువర్చల వైపు తిరిగాను. ఆవిడ చేతిలో సీసా ఉంది. ఈ పిల్లకి నా గతే పట్టడానికి ఇంకెంతో కాలం పట్టదు. సుఖంగా ఉన్న ఇంటికి పొరపాటున వచ్చిన చుట్టాలు కారు ఈ పిల్ల గొట్టంలోకి దిగుతున్నవాళ్ళు. చావు జరిగిన ఇంటికే వచ్చారు. ఇంటావిడ తలుపు తీయకపోతే వీధి అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళని మా ఆడపడుచు విడతకి కొందరిని కారు ఎక్కించుకుని పోతోంది.

గోడ దగ్గరికి లాక్కెళ్ళి అడిగాను. "ఈవిడ మొగుడు పోయాడని నీకు తెలుసా?"

"నెమ్మదిగా మాట్లాడు వదినా. ఆవిడ ముందు అనకు. ఆవిడ ఒప్పుకోవడం లేదు, మనం చెప్పడం దేనికి? ఒప్పుకుంటే దాతగా పనికిరాదు."

"ఈ మందు ఆవిడకే తిరిగి ఎక్కించు."

"ఎలా? మరణ ధ్రువపత్రం లేకుండా ఎవరికీ ఇవ్వం. శవం దొరకలేదు, పత్రం లేదు. కాయితం మీద ఆవిడ ఇంట్లో చావే లేదు." సీసా నావైపు చాపింది. "నీకు ఉంది. మీ అమ్మది. పడుకో వదినా, వేడెక్కిపోతోంది."

ఆ సీసా నాకు కావాలి. ఎంత కావాలో చెప్పడానికి సిగ్గుగా ఉంది. చెయ్యి కూడా చాపాను.

అప్పుడు నూకరత్నం అడిగింది. "తమరికి ఎవరు పోయారండి?"

నా మొహం చూసి కనిపెట్టింది. మా ఇంట్లో ఆ మాట నవ్వుతూ తప్ప ఎవరూ అడగలేదు. 

"మా అమ్మ."

"అయ్యో. ఎన్నాళ్ళయిందండి?"

"ఇవాళే పోయినట్టుందమ్మా."

సూదులు గుచ్చిన చేతులతోనే నా చేతులు పట్టుకుని, లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. చెవులకి పాట లేదు. గొంతు సవరించుకోకుండానే రాగం తీసింది, మా వైపు ఆడవాళ్ళు చావింట్లో తీసే రాగం.

"అమ్మా... నీ కూతురొచ్చింది సూడవే అమ్మా... కూడొండి మూతెట్టుకుని కూసున్నాదే అమ్మా... సల్లారిపోయిందే అమ్మా... ఏ గాలి తోసీసిందే నిన్ను... ఆ నీళ్ళు ఎంత సల్లగున్నాయో అమ్మా... ఒడ్డున నిలబడి కళ్ళు కాయలు కాసిపోయాయే... ఒక్క కేకెయ్యకుండా ఎలిపోయావా అమ్మా..."

మా అమ్మ తునిలో మంచం మీద పోయింది. ఆవిడ చుట్టుపక్కల నీళ్ళు లేవు. నూకరత్నం ఎవరికోసం ఏడుస్తోందో నాకు తెలుసు, ఆవిడకీ తెలిసే ఉంటుంది. మా అమ్మ పేరు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఏడవనీ. మా అమ్మ ఉంటే ఆవిడే పిలిచి ఏడవమనేది.

యంత్రం గుర్రుమంది. సువర్చల కళ్ళు గాజుగొట్టం మీద ఉన్నాయి. గొట్టం నేను చూస్తుండగానే సగం నిండింది.

ముందు రక్తం తీసే సూది పీకాను, తరవాత రెండోది. నా చీర చెంగుతో రెండు చోట్లా అదిమి పట్టుకున్నాను. నూకరత్నం రాగం ఆపలేదు.

"వదినా, ఏం చేస్తున్నావు? ఎంత దిగుతోందో చూడు."

"చూశాను. నీకంటే ముందు నేనే చూశాను, నా ఒంట్లోంచి దిగినప్పుడు."

"సీసా పాడైపోతుంది. ఇది పోతే నీకు మళ్ళీ ఆవిడ దగ్గర తీస్తేనే దొరుకుతుంది. ఇంకెవరి దగ్గరా ఇంత బలం లేదు. తెలిసే చేస్తున్నావా?"

"తెలిసే. పాడైపోనీ. నువ్వు అవతలికి వెళ్ళు సువర్చలా. ఇది పరామర్శ. నీకిక్కడ పని లేదు."

ఆవిడ వెళ్ళలేదు. సీసా పట్టుకుని అలాగే నిలబడింది. నేనింక ఆవిడవైపు చూడలేదు. నూకరత్నం తల నా భుజం మీద పెట్టుకుని ఏడ్చినంతసేపూ వీపు నిమిరాను. నాకు కన్నీరు రాలేదు. వస్తుందేమోనని లోపల ఎదురుచూశాను కూడా. రాలేదు. "అక్కా, అమ్మ పోయింది" అని తమ్ముడి గొంతు చెవిలో మోగుతూనే ఉంది, రేపు పొద్దున్నా మోగుతుంది, అది నాకు తెలుసు. అయినా మా అమ్మ పేరున ఒక మనిషి కడుపునిండా ఏడ్చింది, ఆ ఏడుపులో బొట్టు కూడా గొట్టంలోకి పోలేదు.

చాలాసేపటికి నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. చెదిరిన బొట్టు కిటికీ అద్దంలో చూసి సరిచేసుకోబోయి, ఎందుకో ఆగి, చెయ్యి దించేసింది. నా రెండు చేతులూ ఒకసారి నొక్కి లేచింది.

చావింటినుంచి లేచేవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పరు. నూకరత్నం కూడా చెప్పలేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, వెనక్కి తిరగకుండా ఉప్పాడ బస్సుకి వెళ్ళిపోయింది.